గీటు పడని పరీక్ష

2024 ఏప్రిల్ మొదట్లో ఫణిగిరి వార్త పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఆ బౌద్ధ క్షేత్రంలో తవ్వుతుంటే, రెండడుగుల లోతున ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని అధికారులు తేల్చారు.

“మనింట్ల ఉన్నది గూడ గదే గద,” అంది అమ్మ.

అవును, మా ఇంట్లోనూ ఒకటుంది. దేవుని అర్రలో, ఎర్ర గుడ్డ ముక్క మీద, రాగిచెంబు పక్కన. బొమ్మ లేదు, రాత లేదు. అంచు దగ్గర ఏదో గీత ఉన్నట్టు వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు. శుక్రవారం శుక్రవారం అమ్మ దాన్ని చింతపండుతో తోముతుంది. తోమినప్పుడల్లా కొత్త బిందెలా ఎర్రగా మెరుస్తుంది. అమ్మవాళ్ళ నాయన, అంటే మా తాత, సాగర్ ఎడమకాలవ తవ్వకంలో మన్ను మోసిన కూలీ. ఆ మన్నులోనే ఈ నాణెం దొరికిందనీ, ఇక్ష్వాకుల నాటిదనీ మా ఇంట్లో చెప్పుకుంటాం. నేను చుట్టాలకు చెప్పాను, నా క్లాసులో పిల్లలకు చెప్పాను, పెళ్ళయిన కొత్తలో నా భార్యకు చెప్పాను. హాలియా నుంచి నాగార్జునకొండ ఎంత దూరమని. నమ్మకపోవడానికి ఎవరికీ కారణం కనపడలేదు.

ఆ రోజు మాత్రం పేపర్లో ‘సీసం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇక్ష్వాకులు ప్రధానంగా సీసంతోనే నాణేలు వేశారు. సీసం చింతపండుతో తోమితే ఎర్రగా మెరవదు. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠం చెప్పినవాడికి ఇది అరవై దాటాక తట్టడం కొంచెం సిగ్గుగానే ఉంది. దేవుని అర్రలోకి పోతే మనకు కెమిస్ట్రీ గుర్తురాదేమో.

మే నెలలో ఒక రోజు అమ్మ పడుకున్నాక నాణెం జేబులో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. నిడమనూరు దాటేదాకా దొంగతనం చేసినట్టే ఉంది. తర్వాత సర్దుకున్నాను. అమ్ముతానా? కరిగిస్తానా? ఒక నిమిషం చూపించి సాయంత్రానికి మళ్ళీ అక్కడే పెడతాను. దానికి ఏమీ కాదు. నన్ను ఇప్పటికీ వదలనిది ఈ ‘ఏమీ కాదు’ అన్న మాటే. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు అక్కడ బంగారం షాపు నడుపుతున్నాడు. ఇప్పుడు ఓ మోస్తరు షాపుల్లో కూడా ఉంటున్న ఆ మిషన్ మీరు చూసే ఉంటారు. మూత ఎత్తి నగని చిన్న కిటికీ మీద పెడతారు, మూత వేస్తారు, కాసేపటికి కంప్యూటర్ తెర మీద బంగారం ఇంత, రాగి ఇంత, వెండి ఇంత అని లెక్క వస్తుంది. పురావస్తు పరిశోధకులు నాణేలను చూసేదీ ఈ పద్ధతిలోనే. దాని పేరు ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్. వాళ్ళ పరికరం ఇంకా నాజూకైనది, దాన్ని నడిపే చేయి ఇంకా ఓపికైనది, అంతే తేడా.

జరిగేది ఇది. ఎక్స్‌రే పోయి లోహపు పరమాణువులో బాగా లోపలి కక్ష్యలో ఉన్న ఎలక్ట్రాన్‌ను తన్నేస్తుంది. ఖాళీ అయిన చోటులోకి పై కక్ష్య నుంచి ఇంకొకటి దిగుతుంది. దిగేటప్పుడు మిగిలిన శక్తిని మరో ఎక్స్‌రేగా బయటికి వదులుతుంది. ఆ శక్తి ఎంతన్నది మూలకాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది. ఇనుముదైతే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, రాగిదైతే 8.05, జింకుదైతే 8.64, తగరానిదైతే 25.3. ఈ వరసకి లెక్క కట్టినవాడు హెన్రీ మోస్లీ, 1913లో. రెండేళ్ళకే గాలిపోలీ యుద్ధంలో చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళు.

ఒక మాట పక్కకు పోతాను. ఫ్లోరెసెన్స్ అన్న పేరు 1852లో స్టోక్స్ పెట్టాడు, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద. మా నల్లగొండోళ్ళకి ఆ ఖనిజంతో పరిచయం పుస్తకంలో కాదు, నీళ్ళలో. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంగిపోయిన ఎముకల్ని మామూలు ఎక్స్‌రేలో చూసి, ఈ మనిషి ఏ నీళ్ళు తాగాడో డాక్టర్లు చెప్పగలిగేవాళ్ళు. తెలుగునేల నాణేల మీద విస్తారంగా రాసిన డాక్టర్ దేమె రాజారెడ్డి వృత్తిరీత్యా న్యూరోసర్జన్, ఫ్లోరోసిస్ మీద కూడా పనిచేశారు. ఎముకైనా బిళ్ళైనా, పోయిన కాలం దాన్ని ఏం చేసిందో చూడటమే పని కాబట్టి నాకు ఆ రెండూ వేరువేరు అభిరుచులుగా అనిపించవు.

షాపులోకి వస్తాను. తెర మీద వచ్చిన లెక్క ఇది: రాగి 95.6, తగరం 3.1, జింకు 0.9, మిగతాది ఇనుము. సీసం ఉందీ లేదన్నట్టు. మొత్తం సరిగ్గా వంద.

“చూశారా సార్, పక్కాగా వచ్చింది,” అన్నాడు అబ్బాయి.

పక్కా అనడానికి లేదని వాడికి నేనే చెప్పి ఉండాలి ఒకప్పుడు. మిషన్ ఎప్పుడైనా వందే చెబుతుంది. గాలిలో పెట్టి చూసినప్పుడు ఆక్సిజన్, కార్బన్ లాంటి తేలిక మూలకాలు దానికి కనపడవు. కనపడనివాటి వాటాని కూడా కనపడ్డవాటికి పంచి వంద చేసి చూపిస్తుంది. బంగారం కోసం సరిచేసిన మిషన్‌లో కంచు పెడితే ఆ పంపకం ఇంకాస్త తేడా పడుతుంది. సీసం, ఆర్సెనిక్ అయితే మరీ పేచీ. సీసపు ఒక గీత 10.55 దగ్గర, ఆర్సెనిక్ గీత 10.54 దగ్గర. రెండూ ఒకటే గొంతు. సీసానికి 12.61 దగ్గర, ఆర్సెనిక్‌కి 11.73 దగ్గర రెండో గీత ఉందా అని వెతికితే గానీ లోపల ఉన్నది ఎవరో తెలియదు. షాపు మిషన్‌కి అంత తీరిక ఉండదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు లోతు. నాణెంలో పుట్టిన ఆ ఎక్స్‌రేలు బయటికి వచ్చేలోపే లోహం వాటిని మింగేస్తుంది. కంచులో రాగి గీత మనదాకా వచ్చేది సుమారు ఒక వెంట్రుక మందం లోతు నుంచి, అంతే. అంటే మిషన్ చూసింది నాణేన్ని కాదు, నాణెం చర్మాన్ని. మట్టిలో పడి ఉన్న నాణేనికి ఆ చర్మం మారిపోతుంది. రాగి కరిగి పోతూ ఉంటే తగరం ఎక్కువున్నట్టు కనపడుతుంది. సీసం రాగిలో కరగదు, బొట్లుబొట్లుగా విడిగా కూర్చుంటుంది కాబట్టి ఇక్కడ చూస్తే ఒక లెక్క, జానెడు కాదు గదా, గింజెడు పక్కన చూస్తే ఇంకో లెక్క. రోమన్లు వెండి తగ్గించి రాగి పెంచిన నాణేల్లో కూడా పై పొరలో వెండే ఎక్కువ ఉంటుంది. ఆ పొరని చూసి రాజు నిజాయితీపరుడని సర్టిఫికెట్ ఇచ్చేయవచ్చు.

మా నాణెం సంగతి చెప్పనక్కర్లేదు. అరవై ఏళ్ళ చింతపండు. అందులో ఉండే టార్టారిక్ ఆమ్లం నల్లబడ్డ రాగి పొరని కరిగించి తీసుకుపోతుంది. ప్రతి శుక్రవారం అమ్మ ఒక పొర తీస్తూ వచ్చింది. రాగి ఒక లెక్కలో పోయి ఉంటుంది, జింకు ఇంకో లెక్కలో. ఆ 95.6లో అమ్మ చేయి ఎంతో, టంకశాల చేయి ఎంతో విడదీసి చెప్పే మిషన్ ఇంకా రాలేదు.

అయినా నాకు అర్థమైంది. తూకం వేయించాను: 4.3 గ్రాములు. స్కేలు పెట్టి కొలిచాను: అడ్డంగా 25 మిల్లీమీటర్లు. ఇంగ్లీషువాళ్ళు 1906లో చిల్లర నాణేలకు ఉత్త రాగి మానేసి కంచు మొదలుపెట్టారు. అప్పటి కానీ బిళ్ళ, అంటే పావు అణా, కొత్తగా ఉన్నప్పుడు 4.86 గ్రాములు, ఇదే సైజు. అరిగిన బరువు తీసేస్తే సరిపోతుంది. తగరం కొంచెం, జింకు ఒక వంతు, ఇదీ కలుస్తుంది. నిజాం రెండు పైసలదైతే ఇంకా చిన్నదిగా ఉండాలి. నిజాం ఇలాకాలో హాలీ సిక్కాతో పాటు బయటి డబ్బుకి కల్దార్ అని పేరుండేది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక కూడా పాత కానీలు, అణాలు కొన్నాళ్ళు నడిచాయి. ఎడమకాలవ తవ్వింది ఆ రోజుల్లోనే. కాలవ మన్నులో పదిహేడు వందల ఏళ్ళ కిందటి నాణెం దొరకడం కంటే, నిన్నటి కూలి డబ్బులోంచి జారిన కానీ దొరకడమే తేలిక.

నిజానికి ఆ త్రాసు, స్కేలే నాకు ఎక్కువ చెప్పాయి. మిషన్ ఒప్పుకుంది, అంతే.

సాయంత్రం నాణేన్ని ఎర్ర గుడ్డ మీద పెట్టేశాను. దానికి ఏమీ కాలేదు.

మన భాషలో గీటురాయి అన్న మాట ఉంది. ఇప్పుడు ఉపన్యాసాల్లో వాడి వాడి అరగదీశాం గానీ, అది నిజంగా ఒక నల్లరాయి. కంసాలి నగని దాని మీద గీస్తాడు. ఒక బంగారు గీత పడుతుంది. ఆ గీత రంగు చూసి, దాని మీద ఆమ్లం వేసి, మచ్చు చెబుతాడు. ఆ గీత నగలోంచి పోయినదే. ఎంత తక్కువైనా పోయినదే. అందుకే కంసాలి నగల యజమాని ఎదురుగా, చూసుకోమని గీసేవాడు. ఆమె కళ్ళు ఆ రాయి మీదే ఉండేవి. అడగకుండా గీస్తే ఊరుకునేది కాదు.

ఎక్స్‌రే గీటు వేయదు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద గొప్ప అదేనని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు, నిజమే. మ్యూజియంలో ఉన్న ఒకే ఒక్క నాణేన్ని కరిగించి చూస్తానంటే ఎవరొప్పుకుంటారు? సీసం ఏ గనిదో తెలియాలంటే ఇప్పటికీ ఐసోటోపుల లెక్క కావాలి, ఎక్స్‌రేకి అది చేతకాదు, సాధారణంగా చిటికెడు లోహం తీయక తప్పదు. అప్పుడు కాగితాలు పెట్టాలి, అనుమతులు రావాలి, ఎందుకు తీస్తున్నావని నలుగురు అడగాలి. ఏమీ తీయని పరీక్షకి ఆ అడ్డంకులు పలచబడతాయి. మంచిదే. కానీ గాయం లేదు కాబట్టి అడగనక్కర్లేదు అని నేను అనుకున్నాను చూడండి, ఆ ఆలోచన ఎక్కడ తప్పిందో నాకు బస్సులో తిరిగొస్తున్నప్పుడు గానీ తట్టలేదు. నాణెం నుంచి నేను ఏమీ తీసుకోలేదు. తాత మాట నుంచి తీసుకున్నాను. నాణెం నాది కాకపోయినా దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టగలను. ఇప్పుడు తెలిసినదాన్ని ఎక్కడ పెట్టను?

మే, జూన్, జులై. చెప్పలేదు.

చెప్పకపోవడానికి నేను కట్టుకున్న వాదన బలహీనమైనదేమీ కాదు. కాలవ వచ్చింది. 1967 ఆగస్టులో నీళ్ళొదిలారు. ఆయకట్టు కింద భూములున్నవాళ్ళు బాగుపడ్డారు, మిర్యాలగూడ మిల్లులతో నిండింది. తట్ట మోసిన మా తాతకి ఆ కాలవ కింద గుంట భూమి లేదు. ఆ మొత్తం కాలవలోంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఈ బిళ్ళ ఒక్కటి. అది రాజులదని అనుకోవడంలో ఎవరికి నష్టం? ఎనభై రెండేళ్ళ మనిషికి పోయి, మీ నాయన చెప్పింది నిజం కాదని లెక్క చూపించాలా? చూపిస్తే ఏం బాగుపడుతుంది? శాస్త్రానికి కూడా ఏమీ ఒరగదు, అరిగిన కానీ బిళ్ళలు దేశంలో బోలెడు.

ఈ వాదన రోజూ ఒకచోట ఆగిపోయేది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు పిల్లలు పక్కవాడి రీడింగ్ చూసి రాస్తారు. పదిన్నర రావాలని ముందే తెలుసు, బ్యూరెట్‌లో పదకొండు వస్తుంది, రికార్డులో పదిన్నర రాస్తారు. ఆ రికార్డులు ఎన్ని కొట్టేశానో లెక్క లేదు. “వచ్చింది రాయండిరా, రావాల్సింది కాదు” అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇప్పుడు నా ఇంట్లో నేను చేస్తున్నది అదే. పైగా పిల్లలు మార్కుల కోసం చేశారు, నేను ప్రేమ అని పేరు పెట్టుకుని చేస్తున్నాను. ప్రేమ కోసం నిజాన్ని ఆపవచ్చునని ఎవరైనా అంటే నేను ఎక్కువ వాదించను. కాకపోతే అమ్మకి ఏది తట్టుకోగలదో నిర్ణయించే హక్కు నాకు ఎవరిచ్చారన్న దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమెని అడగకుండా పరీక్ష చేయించినవాడినే, ఆమెని అడగకుండా దాచడం కూడా మొదలుపెట్టాను.

ఆగస్టులో ఒక పొద్దున చెప్పేశాను. నాణెం ఆమె చేతిలోనే ఉంది.

“అమ్మా, దాన్ని మిర్యాలగూడల చూపిచ్చిన.”

“ఎప్పుడు?”

“మే నెలల.”

“నాకు చెప్పలే.” కాసేపు ఆగి, “ఏమన్నరు?” అంది.

“రాజులది కాదంట. కానీ బిళ్ళ అయ్యుంటది. ఇంగ్లీషోళ్ళ కాలంది.”

తర్వాత వచ్చే ప్రశ్నకు నేను మూడు నెలలుగా జవాబు తయారు చేసుకుంటున్నాను. మరి మా నాయన అబద్ధం చెప్పిండా అని అడుగుతుందని. అమ్మ అది అడగలేదు.

“మా నాయన ఎన్నడన్నడు రాజులదని?” అంది.

“మరి?”

“నువ్వే అంటివి గద. సాగర్‌కి బడిపిల్లలతోని పోయొచ్చి, లాంచిల ఎక్కినం, కొండ మీద అద్దాలల్ల పైసలు చూసినం, మనది గూడ గదే అని వాడకట్టంత చెప్పితివి. మా నాయన నవ్విండు. చదువుకునేటోడు అంటున్నడు, ఉండనియ్యి అన్నడు.”

నాకు ఆ లాంచి గుర్తుంది. ఆరో తరగతి. నాగార్జునకొండ మ్యూజియం అద్దాలకి ముక్కు ఆనించి చూసింది గుర్తుంది. ఇంటికొచ్చి ఏమన్నానో ఒక్క ముక్క గుర్తు లేదు. నాకు గుర్తున్నదల్లా తాత గొంతులో ‘ఇక్ష్వాకులు’ అన్న మాట వినడం. అది ఆయన నోటి నుంచి ఎన్నడూ రాలేదన్నమాట. నేనే పూసి, నేనే నమ్మి, యాభై ఏళ్ళ తర్వాత దాన్ని గీకడానికి నేనే మిషన్ దగ్గరికి తీసుకుపోయాను.

“మరి తాత ఏమన్నడు?” అని అడిగాను. మిర్యాలగూడ పోకముందు అడగాల్సిన ప్రశ్న.

“కాలవల మన్ను ఎత్తుతుంటె తట్టల కనబడ్డదన్నడు. ఎవరిదో కూలిపైస. పాలమూరోళ్ళని అడిగిండట, గుంటూరోళ్ళని అడిగిండట. ఎవ్వరు నాదనలే. మనది గానిది ఎట్ల ఖర్చు పెడదుమని తెచ్చి దేవుని కాడ పెట్టిండు.”

రోజంతా మన్ను మోసేవాళ్ళ మధ్య, కానీకి శనగలో బెల్లమో వచ్చే రోజుల్లో, ఒక్కొక్కరిని ఆపి ‘నీదా’ అని అడిగిన మనిషి. ఎవరైనా ఒకరు నాదే అని ఉంటే ఆ బిళ్ళ మా ఇంటికి వచ్చేది కాదు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పై పొర మాత్రమే చూశారని, అంచు దగ్గర ఆవగింజంత మేర గీకి మళ్ళీ చూస్తే లోపలి లోహం ఖచ్చితంగా తెలుస్తుందని చెప్పాను. ఈసారి అడుగుతున్నానని కూడా అన్నాను.

“గీకితె ఎవరిదో తెలుస్తదా?”

“అది తెల్వది. ఏం కలిపి చేసిండ్రో తెలుస్తది.”

అమ్మ నాణేన్ని బొటనవేలితో ఒకసారి తుడిచింది. “రేపు శుక్రారం, చింతపండు నానబెట్టు,” అంది.

ప్రతి తోముడుకీ ఎంత రాగి పోతుందో నాకు తెలుసు. నానబెట్టి ఇచ్చాను.